ఇంట్లోనే ట్రక్కు పవర్ స్టీరింగ్ ఆయిల్ మార్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పవర్ స్టీరింగ్ ఆయిల్ గురించి ఎవరు అడిగినా దాదాపు అవే ప్రశ్నలు. ఏ ఆయిల్ పోయాలి, ఏ పైపు విప్పాలి, మార్చాక ఈ శబ్దం ఏమిటి. పికప్ ట్రక్కులు, చిన్న ట్రక్కులు ఉన్నవాళ్ళకోసం వాటికి జవాబులు ఒకచోట పెడుతున్నాను. పని కష్టమైనదేమీ కాదు. కానీ చెడితే ఎక్కువగా రెండు చోట్లే చెడుతుంది: బండికి సరిపడని ఆయిల్ కొనడం, లోపలి గాలిని పూర్తిగా తీయకపోవడం. అందుకే ఆ రెండింటి గురించి కాస్త ఎక్కువ రాశాను. మీ అనుమానం ఎక్కడుంటే అక్కడి నుంచే చదువుకోవచ్చు.

## కొనే ముందు, విప్పే ముందు

మా బండికి అసలు పవర్ స్టీరింగ్ ఆయిల్ ఉంటుందా? డబ్బా ఎక్కడా కనిపించట్లేదు.

ఉండకపోవచ్చు. కొత్త ట్రక్కుల్లో చాలావాటికి స్టీరింగ్‌కి సాయం చేసేది ఎలక్ట్రిక్ మోటారు. వాటిలో ఆయిల్ లేదు, పంపు లేదు, మార్చాల్సిందీ లేదు. ఉదాహరణకి ఫోర్డ్ ఎఫ్-150లో 2011 మోడల్ నుంచి చాలా ఇంజిన్లకు ఎలక్ట్రిక్ స్టీరింగే వచ్చింది. బానెట్ ఎత్తి, ఇంజిన్ బెల్టు తిరిగే పుల్లీలను ఒక్కొక్కటిగా చూడండి. వాటిలో ఒకటి పవర్ స్టీరింగ్ పంపుది అయితే, దాని మీదే గానీ, దగ్గర్లో గానీ స్టీరింగ్ చక్రం బొమ్మ ఉన్న మూతతో చిన్న డబ్బా ఉంటుంది. కొన్ని బండ్లలో పంపును బెల్టు కాకుండా కరెంటు మోటారు తిప్పుతుంది, ఆయిల్ మాత్రం ఉంటుంది. అలాంటి బండికి గాలి తీసే పద్ధతి వేరుగా ఉండొచ్చు కాబట్టి మాన్యువల్ చూడకుండా ముట్టుకోవద్దు.

ఎన్ని కిలోమీటర్లకు ఒకసారి మార్చాలి?

ముందు బండి మాన్యువల్ చూడండి, అందులో అంకె ఉంటే అదే లెక్క. చాలా కంపెనీలు అసలు అంకే ఇవ్వవు. అలాంటప్పుడు 80,000 నుంచి 1,00,000 కిలోమీటర్ల మధ్య ఒకసారి మార్చడం మెకానిక్కులు పాటించే అలవాటు. బరువులు లాగే బండి, మట్టిరోడ్ల మీద తిరిగే బండి, పెద్ద టైర్లు వేసిన బండి అయితే ఇంకా ముందే మార్చాలి. ఎందుకంటే స్టీరింగ్ మీద భారం పెరిగేకొద్దీ ఆయిల్ వేడెక్కుతుంది, వేడెక్కిన ఆయిల్ త్వరగా పాడవుతుంది. నన్నడిగితే కిలోమీటర్ల కంటే రంగును, వాసనను నమ్మడం మంచిది.

ఆయిల్ నల్లగా కనిపిస్తోంది. పాడైనట్టేనా?

డబ్బాలోకి తొంగి చూసి తేల్చుకోవద్దు. డబ్బా గోడలకు పట్టిన మురికి వల్ల మంచి ఆయిల్ కూడా నల్లగా కనిపిస్తుంది. మూతకున్న పుల్లతోనో, శుభ్రమైన స్పూనుతోనో ఒక చుక్క తీసి తెల్ల కాగితం మీద వేయండి. కాసేపటికి చుక్క చుట్టూ విస్తరిస్తుంది. ఎరుపు గానీ, తేనెరంగు గానీ, ఆకుపచ్చ గానీ తేటగా ఉంటే ఫర్వాలేదు. ముదురు గోధుమ రంగులో ఉండి మధ్యలో నల్లటి నలకలు మిగిలితే మార్చే సమయం వచ్చింది. ఆ నలకలు ఎక్కువగా పైపుల లోపలి రబ్బరు అరిగి వచ్చినవే. మాడిన వాసన వస్తే ఆయిల్ బాగా వేడెక్కిందని అర్థం. ఇక కాగితాన్ని ఎండలో అటూ ఇటూ వంచి చూడండి. సన్నగా మెరిస్తే అది లోహపు పొడి, పంపు అరుగుతోంది. అలాంటప్పుడు ఆయిల్ మార్చడం మంచిదే గానీ, పంపు మళ్ళీ కొత్తది అవుతుందని ఆశపడొద్దు. పాలలా తెల్లగా ఉంటే లోపల నీళ్ళో గాలో కలిసినట్టు.

ఏ ఆయిల్ కొనాలి? "అన్ని బండ్లకూ సరిపోతుంది" అని రాసిన సీసా తీసుకుంటే చాలదా?

చాలదు. ముందు డబ్బా మూత తుడిచి, దాని మీద ఏం అచ్చు వేశారో చదవండి. చాలా బండ్లకు గేర్‌బాక్సుల్లో వాడే ఏటీఎఫ్ అనే ఎర్ర ఆయిల్ పడుతుంది. మూత మీద డెక్స్‌రాన్ అనో, మెర్కాన్ అనో ఉంటుంది. కొన్నింటికి స్టీరింగ్ కోసమే తయారుచేసిన లేత పసుపు ఆయిల్ కావాలి. ఇంకొన్నింటికి సీహెచ్‌ఎఫ్ 11ఎస్ లాంటి ఆకుపచ్చ సింథటిక్ ఆయిల్ కావాలి. వీటి పలుచదనం వేరు, వీటిలో కలిపే మందులు వేరు, ఆయిల్ కారకుండా ఆపే లోపలి సీళ్ళ రబ్బరు కూడా ఆయా ఆయిల్‌కి తగ్గట్టే ఎంచి పెడతారు.

రంగు చూసి కొనడం ఇంకో పొరపాటు. రెండు ఎర్ర ఆయిళ్ళు ఒకే రకం అయి ఉండాలనేమీ లేదు. మూత మీద అక్షరాలు చెరిగిపోతే మాన్యువల్లో వెతకండి. సీసా వెనక చిన్న అక్షరాల్లో ఏయే ప్రమాణాలకు సరిపోతుందో రాసి ఉంటుంది, మీ బండి ప్రమాణం పేరు అక్కడ కనిపిస్తేనే తీసుకోండి. సీసా ముందు వైపు పెద్ద అక్షరాల్లో ఏం రాసినా పట్టించుకోనక్కర్లేదు.

ఇంట్లో బ్రేక్ ఆయిల్ ఉంది. లెవెల్ కాస్తే తగ్గింది, అది పోస్తే ఏమవుతుంది?

ఒక్క చుక్క కూడా పోయొద్దు. డాట్ 3, డాట్ 4 బ్రేక్ ఆయిళ్ళు గ్లైకాల్‌తో చేసినవి. స్టీరింగ్ సీళ్ళు పెట్రోలియం నూనెకు తగ్గట్టు చేసినవి. బ్రేక్ ఆయిల్ తగిలితే ఆ సీళ్ళు ఉబ్బి, మెత్తబడి, లీక్ మొదలవుతుంది. ఇప్పటికే పోసి ఉంటే ఇంజిన్ స్టార్ట్ చేయకండి. డబ్బాలో ఉన్నదంతా సిరంజితో లాగేసి, డబ్బా తుడిచి, సరైన ఆయిల్ పోయండి. ఇంజిన్ నడిచి లోపలంతా కలిసిపోతే మాత్రం మొత్తం ఆయిల్‌ను ఒకటికి రెండుసార్లు మార్చాలి. తర్వాత కొన్ని వారాల పాటు లీకుల కోసం చూస్తూ ఉండాలి.

ఎన్ని లీటర్లు తెచ్చుకోవాలి?

చాలా పికప్‌లలో మొత్తం వ్యవస్థలో పట్టేది లీటరు చుట్టుపక్కలే. కానీ పాతదాన్ని తోసేయడానికి కూడా కొత్త ఆయిలే వాడతాం కాబట్టి రెండు లీటర్లు దగ్గర పెట్టుకోండి. ఆయిల్ బాగా నల్లగా ఉంటే మూడు. మిగిలిన సీసాకి మూత గట్టిగా పెట్టి దాచుకుంటే తర్వాత లెవెల్ కలపడానికి పనికొస్తుంది.

ఏమేం సామాన్లు కావాలి?

పెద్ద సిరంజి, దానికి సన్నటి ట్యూబు. పైపు క్లిప్పు నొక్కడానికి ప్లేయర్. రిటర్న్ పైపుకి, అంటే ఆయిల్‌ను తిరిగి డబ్బాలోకి తెచ్చే పైపుకి, తగిలించి సీసాలోకి దించడానికి మీటరున్నర పొడవు పారదర్శకమైన ప్లాస్టిక్ పైపు. డబ్బా దగ్గర తెరుచుకునే మూతిని మూయడానికి సరిపడే రబ్బరు మూత. లీటరు గీతలున్న ఖాళీ సీసాలు, గరాటు, పాత గుడ్డలు, చేతి తొడుగులు, కళ్ళద్దాలు. ఇక జాకీ, రెండు జాకీ స్టాండ్లు, వెనక చక్రాలకు అడ్డు చెక్కలు తప్పనిసరి. పైపు పారదర్శకంగా ఉండాలని ఊరికే చెప్పడం లేదు. ఆయిల్ రంగు మారిందీ, బుడగలు ఆగిందీ కంటితో చూసేది అందులోనే.

మాది పెద్ద లారీ. ఇదే పద్ధతి పనికొస్తుందా?

భారీ లారీ ముందు ఇరుసును ఇంటి జాకీతో లేపే ప్రయత్నం చేయొద్దు. ఆ బండ్లలో ఆయిల్ కూడా ఎక్కువ పడుతుంది, చాలావాటికి డబ్బాలోనే ఫిల్టరు ఉంటుంది, గాలి తీసే పద్ధతి కూడా కంపెనీని బట్టి మారుతుంది. ఇంటి దగ్గర చేసుకోగలిగింది లెవెల్ చూడటం, డబ్బాలోని ఆయిల్ సిరంజితో తీసి కొత్తది పోయడం. మిగతాది వర్క్‌షాపుకి వదిలేయండి.

## పాత ఆయిల్ తీసేటప్పుడు

సిరంజితో డబ్బాలోది లాగేసి కొత్తది పోస్తే సరిపోదా?

ఒక్కసారితో సరిపోదు, కానీ కొన్నిసార్లు చేస్తే బాగానే పనిచేస్తుంది. లెక్క చూడండి. మొత్తం ఆయిల్ లీటరు, డబ్బాలో ఉండేది 400 మిల్లీలీటర్లు అనుకుందాం. ఒకసారి మారిస్తే పాతది ఇంకా 60 శాతం మిగులుతుంది. కొన్ని రోజులు బండి నడిపి మళ్ళీ మారిస్తే 36 శాతం, మూడోసారికి 22, నాలుగోసారికి 13, అయిదోసారికి 8 శాతం. డబ్బా చిన్నదైతే ఇంకా ఎక్కువసార్లు చేయాలి. ఆయిల్ ఖర్చు కాస్త పెరుగుతుంది. అయితే జాకీ ఎక్కించే పని లేదు, పైపు విప్పే పని లేదు, గాలి లోపలికి వెళ్ళే భయమూ తక్కువ. బండి కింద పని చేయడం అలవాటు లేనివాళ్ళకు నేను ఇదే చెబుతాను. ప్రతిసారీ డబ్బా అడుగున పేరుకున్న మడ్డిని కూడా లాగేయండి.

రెండు మూడు పైపులు కనిపిస్తున్నాయి. రిటర్న్ పైపు ఏది?

డబ్బా విడిగా ఉన్న బండిలో సాధారణంగా దాని నుంచి రెండు పైపులు వెళ్తాయి. లావుగా ఉండి నేరుగా పంపులోకి వెళ్ళేది పంపుకి ఆయిల్ ఇచ్చే పైపు. దాన్ని కదపొద్దు. సన్నగా ఉండి, స్టీరింగ్ బాక్సు నుంచో, రేడియేటర్ ముందున్న చిన్న కూలర్ గొట్టం నుంచో వచ్చేది రిటర్న్ పైపు. దానికి మామూలు స్ప్రింగ్ క్లిప్పు ఉంటుంది. డబ్బా పంపుకే అతికి ఉంటే, క్లిప్పుతో బిగించిన రబ్బరు పైపు రిటర్న్, మరతో బిగించిన లోహపు చివర ఉన్నది ప్రెషర్ లైను, పంపు నుంచి ఆయిల్ ఒత్తిడితో వెళ్ళేది. ఏ బండిలోనైనా సరే, మర ఉన్న లైను విప్పొద్దు. అనుమానం ఉంటే పైపును చేత్తో తడుముకుంటూ రెండో చివర వరకూ వెళ్ళి చూడండి. ఈ రెండు నిమిషాల ఓపిక మీకు చాలా పని తప్పిస్తుంది.

ముందు చక్రాలు నేల నుంచి లేపాల్సిందేనా?

రిటర్న్ పైపు విప్పి చేసే పద్ధతికి లేపాలి. ఇంజిన్ ఆఫ్‌లో ఉన్నప్పుడు నేల మీద ఉన్న చక్రాలను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పడం చాలా కష్టం, టైర్లు కూడా అరుగుతాయి. చదునైన గట్టి నేల మీద బండి ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు రెండు వైపులా చెక్కలు పెట్టండి. కంపెనీ చెప్పిన చోట జాకీ పెట్టి లేపి, స్టాండ్ల మీదకు దించండి. జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన బండి కిందకి తల పెట్టొద్దు. స్టాండ్ల మీద ఉన్నాక బండిని చేత్తో గట్టిగా ఊపి చూడండి. ఏమాత్రం కదిలినా దించి మళ్ళీ మొదటి నుంచి సర్దండి.

స్టీరింగ్ అసలు తిరగడం లేదు, లాక్ అయిపోయింది.

తాళం తీసేస్తే స్టీరింగ్ లాక్ పడటం మామూలే. తాళం పెట్టి, ఇంజిన్ స్టార్ట్ కాకుండా మొదటి మెట్టు వరకూ తిప్పితే లాక్ వదులుతుంది. తాళం తిరగకపోతే స్టీరింగ్‌ను కొంచెం అటూ ఇటూ ఆడిస్తూ తిప్పండి.

పైపు ఎంత లాగినా రావట్లేదు.

లాగొద్దు, ముందు తిప్పండి. క్లిప్పును ప్లేయర్‌తో నొక్కి వెనక్కి జరిపి, పైపును పట్టుకుని మెలితిప్పినట్టు అటూ ఇటూ తిప్పితే రబ్బరు అతుకు వదులుతుంది. స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తితే ప్లాస్టిక్ మూతి విరిగి, డబ్బా మొత్తం మార్చాల్సి వస్తుంది. అయినా రాకపోతే పైపు చివర ఒక అంగుళం పొడవునా నిలువుగా జాగ్రత్తగా కోసి తీసేయండి. మిగిలిన పొడవు చాలితే ఆ ముక్క కత్తిరించేసి తిరిగి బిగించవచ్చు, చాలకపోతే అదే రకం కొత్త రిటర్న్ పైపు వేయాలి. ఇంజిన్ చల్లబడ్డాకే ఇదంతా.

పైపు విప్పాక ఏ వరుసలో చేయాలి?

ముందు సిరంజితో డబ్బాలో ఉన్నదంతా లాగేయండి, లేకపోతే పైపు తీయగానే కింద పారుతుంది. రిటర్న్ పైపు తీసి, డబ్బాకి ఆ పైపు తగిలి ఉన్న మూతికి రబ్బరు మూత బిగించండి. పైపు చివరకు పారదర్శకమైన గొట్టం తగిలించి సీసాలోకి దించండి. డబ్బాలో కొత్త ఆయిల్ పోయండి. ఇప్పుడు ఇంజిన్ ఆఫ్‌లోనే ఒకరు లోపల కూర్చుని స్టీరింగ్‌ను నెమ్మదిగా పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పుతూ ఉండాలి. ఇంకొకరు డబ్బా దగ్గరే నిలబడాలి.

గొట్టంలో మొదట నల్లటి ఆయిల్ విడతలు విడతలుగా వస్తుంది. స్టీరింగ్ తిరిగిన ప్రతిసారీ ఒక గుక్క వచ్చి ఆగుతుంది. అంతలో డబ్బాలో లెవెల్ దిగుతుంది, వెంటనే పోస్తూ ఉండాలి. డబ్బా అడుగు ఒక్కసారి కూడా కనిపించకూడదు. కనిపించిందంటే పంపులోకి గాలి వెళ్ళినట్టే, తర్వాత దాన్ని బయటికి తీయడానికి రెట్టింపు సమయం పడుతుంది. కాసేపటికి నలుపు పోయి, కొత్త ఆయిల్ రంగు గొట్టంలో తేటగా కనిపిస్తుంది. అప్పుడు ఆపి, రబ్బరు మూత తీసి, పైపు యథాస్థానంలో పెట్టి క్లిప్పు బిగించండి.

త్వరగా అయిపోతుంది కదా, ఇంజిన్ ఆన్ చేసి తీయొచ్చా?

చేసేవాళ్ళు ఉన్నారు, నేను వద్దంటాను. ఇంజిన్ తిరుగుతుంటే పంపు డబ్బాను కొన్ని సెకన్లలో ఖాళీ చేస్తుంది. పోసే చేతికి అంత వేగం ఉండదు. ఆయిల్ లేకుండా తిరిగిన పంపులో లోహం లోహంతో రాసుకుంటుంది. ఆ అరుగుదల మళ్ళీ పూడదు. పైగా పైపు సీసాలోంచి జారితే వేడి సైలెన్సర్ గొట్టం మీద ఆయిల్ పడి మంటలు రావచ్చు.

డబ్బా అడుగున జల్లెడ ఉందంటున్నారు. అది కడగాలా?

చాలా డబ్బాల్లో అడుగున సన్నటి జల్లెడ ఉంటుంది. అది మడ్డితో మూసుకుపోతే కొత్త ఆయిల్ పోసినా పంపుకి సరిగ్గా అందదు, గుయ్‌మని శబ్దం అలాగే ఉంటుంది. డబ్బా విడిగా వచ్చే రకమైతే తీసి, బ్రేక్ క్లీనర్‌తో కడిగి, పూర్తిగా ఆరబెట్టి పెట్టండి. లోపల తడి మిగలకూడదు. జల్లెడ చిరిగినా, మురికి వదలకపోయినా కొత్త డబ్బా వేయడమే నయం.

మా ట్రక్కులో బ్రేకులు కూడా పవర్ స్టీరింగ్ పంపుతోనే పనిచేస్తాయి. ఏం జాగ్రత్త తీసుకోవాలి?

దీన్ని హైడ్రోబూస్ట్ అంటారు, డీజిల్ ట్రక్కుల్లో ఎక్కువ. అందులో ఒత్తిడిని నిల్వ ఉంచే చిన్న గది ఉంటుంది, ఇంజిన్ ఆపినా ఆ ఒత్తిడి పోదు. ఏ పైపు విప్పే ముందైనా ఇంజిన్ ఆఫ్‌లో బ్రేక్ పెడల్‌ను పెడల్ గట్టిపడేవరకూ పదేపదే తొక్కి ఆ ఒత్తిడి వదిలించాలి. కొత్త ఆయిల్ పోశాక గాలి తీసేటప్పుడు స్టీరింగ్ తిప్పడంతో పాటు బ్రేక్ కూడా తొక్కుతూ ఉండాలి, లేకపోతే గాలి బ్రేక్ వైపు మిగిలిపోతుంది. బ్రేక్ మాస్టర్ సిలిండర్ మీద ఉన్న డబ్బా వేరు, దానిలో బ్రేక్ ఆయిలే ఉంటుంది. రెండు మూతలూ చూసుకుని పోయండి. పని అయ్యాక బ్రేక్ సరిగ్గా పడుతోందని ఇంటి ముందే, బండి దాదాపు ఆగినంత వేగంలో, పరీక్షించకుండా రోడ్డెక్కొద్దు.

## కొత్త ఆయిల్ పోసి గాలి తీసేటప్పుడు

గాలి తీయడం ఎలా?

ఈ పని మొత్తంలో తొందర అస్సలు పనికిరాని చోటు ఇదే. ముందు చక్రాలు ఇంకా గాలిలోనే ఉండాలి, ఇంజిన్ ఆఫ్‌లో ఉండాలి. డబ్బాను కోల్డ్ గీత వరకూ నింపి, మూత తెరిచే ఉంచండి. స్టీరింగ్‌ను నెమ్మదిగా ఈ చివర నుంచి ఆ చివరకు ఇరవై సార్లయినా తిప్పండి. తిప్పుతుంటే డబ్బాలో బుడగలు పైకి వచ్చి పగులుతాయి, లెవెల్ కొంచెం దిగుతుంది. దిగినప్పుడల్లా పోయండి. బుడగలు పూర్తిగా ఆగేవరకూ ఇంజిన్ ముట్టుకోవద్దు.

తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి కొన్ని సెకన్లకే ఆపి లెవెల్ చూడండి. తగ్గి ఉంటే పోసి మళ్ళీ స్టార్ట్ చేయండి. ఈసారి ఇంజిన్ నడుస్తుండగానే స్టీరింగ్‌ను నెమ్మదిగా అటూ ఇటూ తిప్పాలి, రెండు చివర్లలో ఆపి పట్టుకోకూడదు. డబ్బాలో ఆయిల్ కదలకుండా తేటగా కనిపించి, ఇంజిన్ ఆపినప్పుడు లెవెల్ పెద్దగా పైకి లేవకపోతే గాలి పోయినట్టే. ఇంజిన్ ఆపగానే లెవెల్ బాగా పెరిగిందంటే లోపల గాలి ఇంకా ఉంది. ఒత్తిడిలో నలిగిన ఆ గాలే ఇప్పుడు ఉబ్బి ఆయిల్‌ను పైకి తోస్తోంది.

ఆయిల్ నురగ కట్టింది. ఏం చేయాలి?

ఇంజిన్ ఆపి, బండిని అలాగే వదిలేయండి. గంట, అవసరమైతే ఇంకా ఎక్కువసేపు. చిన్న బుడగలు ఆయిల్‌లోంచి పైకి రావడానికి సమయం కావాలి, పంపు తిరుగుతున్నంతసేపూ అవి మళ్ళీ మళ్ళీ చిలకబడుతూనే ఉంటాయి. నురగ పోయాక లెవెల్ సరిచూసి, ఇంజిన్ ఆఫ్‌లో స్టీరింగ్ తిప్పడం నుంచి మళ్ళీ మొదలుపెట్టండి. ఇలా చేసినా నురగ ప్రతిసారీ వస్తుంటే ఎక్కడో గాలి పీలుస్తోంది. డబ్బా నుంచి పంపుకి వెళ్ళే లావు పైపు క్లిప్పులు చూడండి. అక్కడ ఆయిల్ కారకుండానే గాలి లోపలికి పోగలదు.

ఫుల్ కటింగ్‌లో స్టీరింగ్ పట్టుకుని ఉండొద్దంటారు, ఎందుకు?

చివరి దాకా తిప్పి అలాగే పట్టుకుంటే ఆయిల్‌కి పోయే దారి ఉండదు, ఒత్తిడి పెరిగి పంపులోని రిలీఫ్ వాల్వు తెరుచుకుంటుంది. చిన్న ట్రక్కుల్లో ఆ ఒత్తిడి 1,000 నుంచి 1,500 పీఎస్‌ఐ వరకూ ఉంటుంది. కొద్ది ఆయిలే పంపులో గిర్రున తిరుగుతూ చాలా త్వరగా వేడెక్కుతుంది. అయిదు సెకన్లకు మించి పట్టుకోవద్దు. మామూలుగా బండి నడిపేటప్పుడు కూడా ఫుల్ కటింగ్ కొట్టాక కొంచెం వెనక్కి వదిలితే పంపుకి మంచిది.

ఎంత వరకూ పోయాలి? కోల్డ్, హాట్ అని రెండు గీతలున్నాయి.

ఇంజిన్ చల్లగా ఉంటే కోల్డ్ గీత, బండి కాసేపు నడిపి వేడెక్కితే హాట్ గీత. ఆయిల్ వేడికి వ్యాకోచిస్తుంది కాబట్టే రెండు గీతలు. చల్లటి ఆయిల్‌ను హాట్ గీత దాకా పోస్తే వేడెక్కాక మూతలోంచి పొంగుతుంది. ఎక్కువైతే సిరంజితో తీసేయండి. చివరి లెవెల్ మాత్రం బండి స్టాండ్ల మీద నుంచి దించి, చదునైన నేల మీద ఉన్నప్పుడే చూడాలి.

వాక్యూమ్ పంపు కొనాలా?

అక్కర్లేదు, చాలా బండ్లకు స్టీరింగ్ తిప్పడమే చాలు. ఎంత చేసినా గాలి పోని మొండి బండ్లకు మాత్రం అది బాగా పనిచేస్తుంది. డబ్బా మూతికి రబ్బరు బిరడా పెట్టి, చేతి పంపుతో 20 అంగుళాల పాదరసం వరకూ వాక్యూమ్ లాగి అయిదు నిమిషాలు ఉంచితే సన్నటి బుడగలు ధారగా పైకి వస్తాయి.

## పని అయ్యాక

మార్చిన దగ్గర నుంచి గుయ్‌మని శబ్దం వస్తోంది. పంపు పోయిందా?

చాలాసార్లు కాదు, గాలి మిగిలింది. మొదట లెవెల్ చూడండి, తర్వాత డబ్బాలో బుడగలు చూడండి. బుడగలుంటే ముందు చక్రాలు లేపి, ఇంజిన్ ఆఫ్‌లో స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పుతూ బుడగలు ఆగేవరకూ గాలి తీయండి. లెవెల్ సరిగ్గా ఉండి, ఆయిల్ తేటగా ఉండి, అయినా శబ్దం తగ్గకపోతే జల్లెడ మూసుకుపోయిందేమో, పోసిన ఆయిల్ రకం సరైనదేనా అని చూడండి. అవి కూడా బాగుంటే అప్పుడు పంపును అనుమానించాలి. బాగా చలి ఉన్న ఉదయం స్టార్ట్ చేయగానే కాసేపు శబ్దం వచ్చి ఆగిపోతే ఆయిల్ చిక్కబడటం వల్లే, కంగారు పడొద్దు.

కొత్త ఆయిల్ పోసినా స్టీరింగ్ బరువుగానే ఉంది.

బెల్టు వదులైందేమో, టైర్లలో గాలి తక్కువుందేమో ముందు చూడండి, ఈ రెండూ చాలామంది మరిచిపోతారు. ఒకవైపు తేలికగా, ఇంకోవైపు బరువుగా ఉంటే లోపం స్టీరింగ్ బాక్సు వాల్వు దగ్గర ఉండొచ్చు, దానికి ఆయిల్ మందు కాదు.

ఇంతకుముందు లేని లీక్ ఇప్పుడు మొదలైంది. కొత్త ఆయిల్ వల్లేనా?

ముందు మీరు విప్పిన పైపు, క్లిప్పు చూడండి. చాలా లీకులు అక్కడే ఉంటాయి. అక్కడ పొడిగా ఉంటే, పాత సీలు ముందే గట్టిపడి ఉండి, దాని చుట్టూ పేరుకున్న మడ్డి అడ్డుగా ఉండి ఉండొచ్చు. ఆ మడ్డి పోగానే లీక్ బయటపడింది. సీలు మార్చడమే దారి.

లీక్ వెతికేటప్పుడు ఇంజిన్ నడుస్తుంటే ప్రెషర్ పైపును చేత్తో తడమొద్దు. సన్నటి చిల్లులోంచి వచ్చే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. బయటికి సూది గుచ్చినంత గాయమే కనిపిస్తుంది, కానీ అది వెంటనే ఆసుపత్రికి వెళ్ళాల్సిన గాయం. అట్టముక్క అడ్డుపెట్టి చూడండి, తడి ఎక్కడ పడితే అక్కడ లీక్.

లీక్ ఆపే మందు సీసాలు వేయొచ్చా?

అవి రబ్బరు సీళ్ళను కాస్త ఉబ్బేలా చేస్తాయి. చెమ్మగిల్లినట్టుండే చిన్న లీకుకి కొంతకాలం పనిచేయొచ్చు. పగిలిన పైపుకి, చినిగిన సీలుకి పనిచేయవు. బండిని వర్క్‌షాపుకి చేర్చేవరకూ తాత్కాలికంగా తప్ప నేను వాడమని చెప్పను.

బెల్టు మీద ఆయిల్ పడింది.

ఇంజిన్ ఆఫ్ చేసి బెల్టునూ, పుల్లీలనూ సబ్బునీళ్ళతో తుడిచి ఆరనివ్వండి. బాగా తడిసి రబ్బరు ఉబ్బినా, తర్వాత కీచుమని జారుతున్నా బెల్టు మార్చేయాలి.

తీసిన పాత ఆయిల్ ఎక్కడ పారేయాలి?

కాలువలో, మట్టిలో, చెత్తబుట్టలో కాదు. మూత గట్టిగా ఉండే సీసాలో పోసి, పాత ఇంజిన్ ఆయిల్ తీసుకునే చోట ఇవ్వండి. కూలెంట్, బ్రేక్ ఆయిల్ అందులో కలపొద్దు, కలిస్తే శుద్ధి చేయడానికి పనికిరాదు. నేల మీద పడినదాని మీద రంపపు పొట్టో, ఇసుకో చల్లి, పీల్చుకున్నాక ఎత్తేయండి.

మళ్ళీ ఎప్పుడు చూసుకోవాలి?

మొదటి ప్రయాణం అయిన వెంటనే ఒకసారి, మర్నాడు పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఒకసారి లెవెల్ చూడండి. రాత్రంతా బండి నిలిపిన చోట ఒక అట్ట పరిచి ఉంచితే చుక్క పడిందా లేదా తెలిసిపోతుంది. వారం తర్వాత మళ్ళీ చూడండి. అప్పటికి లెవెల్ నిలకడగా ఉంటే తర్వాత ఇంజిన్ ఆయిల్ చూసినప్పుడల్లా ఇది కూడా చూసుకుంటే చాలు. తగ్గుతూ ఉంటే మాత్రం పోస్తూ కాలం గడపొద్దు. ఇది ఇంజిన్ ఆయిల్‌లా మండి తగ్గేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే.